రాజవొమ్మంగి నుంచి చూసిన టోరీలు

ఆశ్రమ పాఠశాలలో చాలా ఏళ్లు సోషల్ చెప్పి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయాను. లండన్ ఎప్పుడూ చూడలేదు. అక్కడి కన్జర్వేటివ్ పార్టీ, అంటే టోరీల గురించి నాకు తెలిసిందంతా ఈ కొండల మధ్య కూర్చుని తెలుసుకున్నదే.

1. ప్రధాని ఎవరో చూసి ఏ పార్టీ ఏలిందో చెప్పేయకూడదు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న మా రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు అల్లూరి సీతారామరాజు. ఈ పాఠం చెబుతుంటే ఒక కుర్రాడు లేచి, "అప్పుడు లండన్‌లో ఏ పార్టీ సార్?" అన్నాడు. "లాయిడ్ జార్జి, లిబరల్" అని ఠక్కున చెప్పేశాను. రాత్రి పుస్తకం తిరగేస్తే సగం తప్పు. ఆయన లిబరలే గానీ, కుర్చీ మోస్తున్నది కన్జర్వేటివ్ ఎంపీలు. ఆ మార్చి నుంచి ఇండియా మంత్రి వైకౌంట్ పీల్ కూడా కన్జర్వేటివే. అక్టోబరులో ఆ ఎంపీలే లాయిడ్ జార్జిని దించేశారు. మర్నాడు క్లాసులో నా తప్పు ఒప్పుకున్నాను.

2. తాతల సంగతి కూడా అడగాలి.

ఈ పీల్‌గారి తాత సర్ రాబర్ట్ పీల్. 1829లో లండన్‌కు పోలీసు దళాన్ని పెట్టింది ఆయనే. 1834లో టామ్‌వర్త్ ఓటర్లకు ఒక ప్రకటన రాసి, పాత టోరీలను కన్జర్వేటివ్ పార్టీ దారి పట్టించిందీ ఆయనే. తాత పోలీసులను పుట్టిస్తే, మనవడు ఇండియా ఆఫీసులో ఉండగా మావాళ్లు పోలీసు ఠాణా దోచారు! ఇలాంటిది దొరికిన పూట ఓ ముద్ద ఎక్కువే తింటాను.

తాత పీల్ 1846లో విదేశీ ధాన్యం మీద సుంకాలు ఎత్తేసి సొంత పార్టీని చీల్చుకున్నాడు. ఆయన మీద దుమ్మెత్తిపోసిన డిజ్రేలీయే 1867లో పట్నాల్లో ఎందరో కూలివాళ్లకు ఓటు ఇప్పించాడు. మార్పు ఎలాగూ తప్పదని తేలితే పగ్గం తామే పట్టుకుంటారు. ఆ పార్టీ ఇన్నేళ్లు బతికిన గుట్టు అదేననుకుంటాను.

3. పాతది కాపాడతామంటే, ఎవరి పాతది అని అడగాలి.

తాతల కట్టుబాటును ఒక్క తరం తెలివితో కూలగొట్టొద్దని 1790లో ఎడ్మండ్ బర్క్ వాదించాడు. ఆయన టోరీల ప్రత్యర్థి అయిన విగ్ పార్టీ మనిషి. అయినా కన్జర్వేటివ్‌లు తర్వాత ఆయన్ని గురువును చేసుకున్నారు. ఆ ముక్క మా కొండల్లో ఏ ముసలాయనైనా చెబుతాడు. పోడు ఎక్కడ కొట్టాలి, ఎన్నేళ్లు బీడు వదలాలి అనేది పెద్దల మాట. కొత్తల పండగ కాందే మామిడికాయ నోట పెట్టరు. జీలుగు చెట్టెక్కి ముంత దించుకుంటే ఎవరికో పన్ను కట్టడమేమిటి?

కట్టమన్నారు. డిజ్రేలీ ప్రధానిగా ఉన్న 1879లో, కల్లు మీద చిగురుపన్ను భరించలేక రంప పితూరి లేచింది. 1882లో మద్రాసు అటవీ చట్టం పోడుకు అడ్డుపడింది. అప్పటి ప్రధాని గ్లాడ్‌స్టన్, లిబరల్. 1924 మే 7న కొయ్యూరు దగ్గర సీతారామరాజును చెట్టుకు కట్టి కాల్చేనాటికి లండన్‌లో ఉన్నది లేబర్ ప్రధాని మాక్‌డొనాల్డ్. ఘాట్ రోడ్డు ఎక్కేసరికి మూడు పార్టీలూ ఒకే ఖాకీ తొడుక్కున్నాయి.

అసలు సీతారామరాజు వెంట నడిచిన గిరిజనులు అడిగిందేమిటి? పోడు కొట్టుకోనివ్వమని, రోడ్డు పనికి సరైన కూలి ఇమ్మని. తాతలనాటి బతుకు నిలబెట్టమని. బర్క్ లెక్కన చూస్తే వాళ్లే కన్జర్వేటివ్‌లు.

4. మంచి ఎవరివల్ల వచ్చినా రాసుకోవాలి.

1935 భారత ప్రభుత్వ చట్టం చేసిన లండన్ పార్లమెంటులో కన్జర్వేటివ్‌లదే మెజారిటీ. అదే పార్టీలోని చర్చిల్ దాన్ని చివరిదాకా ఎదిరించాడు. మా ఏజెన్సీకి మామూలు చట్టాలు నేరుగా వర్తించకుండా ఆ చట్టం కూడా వేరుగానే ఉంచింది. ఇవాళ్టి ఐదో షెడ్యూలుకు మూలం అక్కడుంది. మామీద ప్రేమతో చేశారని మాత్రం అనను.

5. మైదానం మందు కొండకు పడదు.

మన దగ్గర ఆ పార్టీకి దగ్గరగా వచ్చింది స్వతంత్ర పార్టీ. 1959లో రాజాజీ పెట్టారు. అధ్యక్షుడు మన నిడుబ్రోలు రంగాగారు. సర్కారు అజమాయిషీ వద్దు, ఉమ్మడి సేద్యం వద్దు, రైతు భూమి రైతు ఇష్టం అన్నారు. గుంటూరు జిల్లాకు అది బాగానే ఉంటుంది. ఇక్కడ 'ఇష్టం' అంటే సంతలో అప్పిచ్చిన షావుకారి ఇష్టం! అదే 1959లో వచ్చిన భూబదలాయింపు రెగ్యులేషన్‌ను 1970లో ఇంకా బిగించి, గిరిజనేతరులకు భూమి అమ్మకం కట్టేశారు. మేమందరం 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది దాన్నే. తర్వాత అక్కడి కన్జర్వేటివ్ ప్రధాని థాచర్ 1980లో సర్కారువారి కౌన్సిల్ ఇళ్లలో అద్దెకున్నవాళ్లకే ఆ ఇళ్లు అమ్మే చట్టం తెచ్చిందని చదివి, ఒకచోట అమ్మే హక్కు, ఒకచోట అమ్మకుండా ఆపే హక్కు అని పిల్లలకు చెప్పేవాణ్ని.

6. 'మనోడు' అని తొందరపడకూడదు.

2022 అక్టోబరులో రిషి సునాక్ ప్రధాని అయితే టీ కొట్టు దగ్గర ఒకటే సంబరం. 2024 జులైలో 650 సీట్లకు ఆయన పార్టీకి 121 వచ్చిన రోజు అదే బల్ల మీద ఆ పేరే ఎవరూ ఎత్తలేదు.

7. తిట్టును కూడా దాచుకోవచ్చు.

'టోరీ' మొదట ఐర్లాండులో దారిదోపిడీగాళ్లకు వాడిన మాట. 1680 ప్రాంతంలో ప్రత్యర్థులు తిట్టుగా అంటగడితే అదే పేరై కూర్చుంది. సర్కారు లెక్కలో సీతారామరాజూ బందిపోటే కదా అని క్లాసులో అన్నాను. మధ్యాహ్నం బెల్లు కొట్టాక చూస్తే, ఆయన పటం కింద గోడ మీద ఎవడో సుద్దముక్కతో 'టోరీ' అని రాశాడు. నేను చెరపలేదు. మర్నాడు హెడ్మాస్టరుగారు తడిగుడ్డ తెప్పించారు.