ఈ ఉద్యోగం మానేయాలా? - విశ్వాసి తనను తాను అడగవలసిన ప్రశ్నలు

ఓ శుక్రవారం జుమా నమాజు ముగిసి, మస్జిదు దాదాపు ఖాళీ అయ్యాక ఒక యువకుడు నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "మౌలానా సాబ్! నేను బైకులకు అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీలో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. ఎవరు ఎంత వడ్డీ కట్టాలో రాయడం, కట్టనివారి ఇళ్ళకెళ్ళి వసూలు చేయడం నా పని. ఈమధ్య అన్నం ముద్ద గొంతు దిగడం లేదు. కాని అబ్బాకు ఆరోగ్యం బాగాలేదు, చెల్లెలి నికాహ్ కుదిరింది. నా జీతం తప్ప ఇంట్లో మరో రాబడి లేదు. రేపే మానేయనా?" అని అడిగాడు.

"మానేయి" అని ఒక్క మాటలో చెప్పడం సులువు. "ఇల్లు గడవాలి కదా, కానీయి" అనడం ఇంకా సులువు. కాని ఈ ప్రశ్న అతనొక్కడిది కాదు. మన ఇళ్ళలో ఎందరో రాత్రిపూట నిద్ర పట్టక వేసుకునే ప్రశ్న ఇది. అందుకే దీన్ని కాస్త వివరంగా చూద్దాం.

ఉపాధి ఎవరి చేతిలో ఉంది?

భూమ్మీద సంచరించే ప్రతి ప్రాణికీ ఉపాధి ఇచ్చే బాధ్యత అల్లాహ్‌దేనని దివ్యఖుర్ఆన్ హూద్ సూరా 6వ ఆయతు తెలుపుతోంది. తన వంతు ఉపాధిని పూర్తిగా పొందనిదే ఏ ప్రాణీ మరణించదనీ, కనుక దాన్ని మంచి పద్ధతిలో అన్వేషించాలనీ, ధర్మసమ్మతమైనది తీసుకుని నిషిద్ధమైనది వదిలేయాలనీ దైవప్రవక్త (సల్లం) బోధించారు. యజమాని గాని, కంపెనీ గాని ఉపాధికి ఒక ద్వారం మాత్రమే. ఇచ్చేవాడు అల్లాహ్. ఈ విశ్వాసం మనసులో గట్టిపడకపోతే ఉద్యోగంలో ఉన్నా భయమే, మానేసినా భయమే.

మొదటి ప్రశ్న: చేసే పని హలాలేనా?

వడ్డీ తినేవాణ్ణి, తినిపించేవాణ్ణి, దాని పత్రం రాసేవాణ్ణి, దానికి సాక్షులుగా ఉన్నవారిని దైవప్రవక్త (సల్లం) శపించారనీ, పాపంలో వారంతా సమానమేనని అన్నారనీ హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. ఇది సహీహ్ ముస్లింలోని హదీసు. "వడ్డీ కంపెనీది, నాది జీతం మాత్రమే" అనే సాకు ఇక్కడ చెల్లదు. మద్యం అమ్మకం, జూదం, కస్టమర్లను మోసగించడమే పనిగా ఉన్న కొలువులదీ ఇదే సంగతి.

అలాంటి పనిలో ఉన్నవాడు ఎప్పుడు మానేయాలి? వేరే ఆధారం ఉన్నవాడు ఆలస్యం చేయరాదు. ఏ ఆధారమూ లేక, భార్యాబిడ్డలు, వృద్ధ తల్లిదండ్రులు తనమీదే ఆధారపడివున్నవాని విషయంలో ఉలమాల సలహాలు రెండు విధాలుగా ఉన్నాయి. కొందరు అల్లాహ్‌పై భారం వేసి వెంటనే వదలమంటారు. మన ఉపఖండానికి చెందిన పలువురు ఉలమాలు మాత్రం అతను ఆ పనిని పాపమని ఒప్పుకుని, తౌబా చేస్తూ, పని లేనివాడు ఎంత ఆరాటంగా వెతుకుతాడో అంత ఆరాటంగా హలాల్ పని వెతకాలనీ, దొరికిన వెంటనే వదలాలనీ అంటారు. ఈ రెండో మాట ఒక వెసులుబాటే గాని అనుమతి పత్రం కాదు. వెతకడం ఆపిన రోజే ఆ వెసులుబాటు కూడా ఆగిపోతుంది.

కొన్ని ఉద్యోగాల్లో హలాల్, హరామ్ కలిసి ఉంటాయి. అప్పుడు నమ్మకమైన ముఫ్తీని అడగాలి. అడిగేటప్పుడు కంపెనీ పేరు, హోదా చెబితే చాలదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీ చేతి మీదుగా జరిగే పనేమిటో ఉన్నదున్నట్లు చెప్పండి. సగం చెప్పి అడిగితే సగం జవాబే వస్తుంది.

రెండో ప్రశ్న: పని హలాలే, కాని ఫర్జుకు అడ్డు వస్తోందా?

జుమా అజాన్ వినగానే వ్యాపారం వదిలి అల్లాహ్ స్మరణకు తరలిరావాలనీ, నమాజు ముగిశాక భూమ్మీద విస్తరించి ఆయన అనుగ్రహాన్ని అన్వేషించాలనీ జుమా సూరా 9, 10 ఆయతులు ఆదేశిస్తున్నాయి. దీన్, దునియా రెండింటికీ అందులో చోటుంది. నమాజుకు సమయం ఇవ్వని చోట, సోదరీమణులను హిజాబ్ తీసేయమనే చోట, అబద్ధం చెప్పక తప్పని చోట ఆలోచించవలసిందే. అయితే ముందు అడగండి. భోజన విరామాన్ని జుమా వేళకు మార్చమనీ, ఆ అరగంట పని సాయంత్రం చేస్తాననీ మర్యాదగా అడిగితే ఒప్పుకునే ముస్లిమేతర యజమానులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. నోరు తెరిచి అడగకుండానే మానేసి, "దీన్ కోసం వదిలేశాను" అనడం సరికాదు. అడిగినా కాదంటే, ఫర్జును వదులుకోవడం కంటే ఆ చోటును వదులుకోవడమే మేలు. తలాఖ్ సూరా 2, 3 ఆయతుల్లో దైవభీతి కలవానికి అల్లాహ్ దారి చూపుతాడనీ, అతను ఊహించని చోటు నుంచి ఉపాధి ఇస్తాడనీ వాగ్దానం ఉంది.

మూడో ప్రశ్న: ఇది విసుగా, అన్యాయమా?

చేసిన పనికి కూలి ఎగ్గొట్టేవానికి ప్రళయదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీ హదీసు ఉంది. జీతం ఎగ్గొడితే హక్కు అడగవచ్చు, మానేయవచ్చు. అంతకంటే మంచి అవకాశం దొరికి మారడంలోనూ తప్పులేదు.

కాని చాలామంది వదిలేది పై అధికారి మందలించాడనీ, తోటివానికి జీతం పెరిగిందనీ. నఫ్స్ కోపంలో ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయానికి ఇంటిల్లిపాదీ మూల్యం చెల్లిస్తారు. తాను పోషించవలసినవారిని గాలికి వదిలేయడమే మనిషికి చాలినంత పాపమని దైవప్రవక్త (సల్లం) అన్నారు. విసుగుకు దీన్ ముసుగు వేయకండి. విసుగైతే విసుగనే చెప్పుకుని, నెల రోజులాగి మళ్ళీ ఆలోచించండి.

నిర్ణయానికి ముందు

ఖలీఫాగా ఎన్నికైన తర్వాత కూడా హజ్రత్ అబూబకర్ (రజి) బట్టల వ్యాపారానికి బజారుకు బయలుదేరారు. ఇక ఇల్లెలా గడుస్తుందన్నది ఆయన చింత. హజ్రత్ ఉమర్ (రజి) తదితర సహాబాలు సంప్రదించుకుని బైతుల్‌మాల్ నుంచి ఆయన కుటుంబానికి భత్యం ఏర్పాటు చేశాకనే ఆయన వ్యాపారం మానుకున్నారు. అంతటి మహనీయుడే ఇంటి సంగతి ఆలోచించారంటే మనమెంత! భార్యతో, పెద్దలతో మష్వరా చేయండి. ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉంది, అప్పులెన్ని ఉన్నాయి, ఏ ఖర్చు తగ్గించవచ్చు అనేది కాగితంపై రాయండి. గల్ఫ్‌లో ఉన్నవారు వీసా, ఒప్పందం సంగతులు ముందే తెలుసుకోవాలి.

ఆ తర్వాత ఇస్తిఖారా. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, హదీసులో ఉన్న దుఆ చదవాలి. కల రావాలని, పచ్చరంగో తెల్లరంగో కనిపించాలని కూర్చోనవసరం లేదు. హదీసులో కల ప్రస్తావనే లేదు. మేలును అల్లాహ్‌కు అప్పగించి ముందడుగు వేయడమే ఇస్తిఖారా. ఒక మాట గుర్తుంచుకోవాలి. స్పష్టంగా హరామ్ అయిన పనిలో కొనసాగాలా వద్దా అని ఇస్తిఖారా ఉండదు. వదిలి ఏ పని చేపట్టాలన్న దానికే ఉంటుంది.

వెళ్ళే పద్ధతి

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్‌లో ఎనిమిదేళ్ళు, వీలైతే పదేళ్ళు పనిచేసే ఒప్పందం చేసుకుని, గడువు పూర్తి చేశాకే కుటుంబంతో బయలుదేరారు. ఆయన పూర్తి చేసింది పదేళ్ళేనని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపారు. తన ప్రాణం తీయాలని చూసిన మక్కావాసుల అమానతులను సైతం తిరిగి ఇచ్చి రమ్మని దైవప్రవక్త (సల్లం) హజ్రత్ అలీ (రజి)ని వెనక ఉంచి హిజ్రత్ చేశారు. కనుక పని హలాలైనదైతే నోటీసు గడువు పూర్తి చేయండి. తాళాలు, లెక్కలు, ఫోను అప్పజెప్పండి. రహస్యాలు బయటపెట్టకండి. అప్పటిదాకా తిన్న ఉప్పును తిట్టకండి.

ఇక ఆ యువకుని సంగతి. "రేపే కాదు, అలాగని ఎప్పుడో కూడా కాదు. ఈ వారం నుంచే వెతుకు. నికాహ్ ఖర్చు తగ్గించే విషయం ఇంట్లో మాట్లాడు" అన్నాను. అతని తల్లి అంది, "బేటా, విందు లేకున్నా నికాహ్ అవుతుంది" అని. నాలుగు నెలల తర్వాత అతను ఓ టైర్ల దుకాణంలో లెక్కలు రాసే పనిలో చేరాడు. జీతం మూడో వంతు తగ్గింది. ఇబ్బంది ఉంది, అది అతని ముఖంలోనూ కనిపిస్తుంది. కాని ఇప్పుడు ఎవరి గుమ్మం ముందైనా నిలబడితే లోపల పిల్లలు భయపడరని అతనే చెప్పాడు.

ఓ అల్లాహ్! నీవు ధర్మసమ్మతం చేసినదాన్నే మాకు చాలేలా చెయ్యి. హరామ్ వైపు మా చేయి చాచనీయకు. నీ దరి తప్ప మరే దరీ మాకు అవసరం లేకుండా చెయ్యి. ఆమీన్.