వేలాడే చర్మానికి కోత ఎప్పుడు?

ప్రశ్న: బేరియాట్రిక్ సర్జరీతో ఏడాదిలో 45 కిలోలు తగ్గిన 38 ఏళ్ల మహిళకు పొట్ట చర్మం మడతలుగా వేలాడుతుంటే వ్యాయామం సరిపోతుందా, కాస్మెటిక్ సర్జరీ తప్పదా?

జవాబు: ఏళ్ల తరబడి సాగిన చర్మంలో, దాన్ని తిరిగి ముడుచుకునేలా చేసే ఎలాస్టిన్ పోగులు దెబ్బతింటాయి కనుక, వ్యాయామం అడుగునున్న కండరాన్ని గట్టిపరచగలదే గాని పైచర్మాన్ని బిగించలేదు, పూతమందుల ప్రకటనలను ఈ విషయంలో నమ్మనక్కర్లేదు. చీర కుచ్చిళ్లు దోపే చోటికి కింద, మడతలో చెమట నిలిచి, ఒరిసి, పౌడరు చల్లినా మళ్లీ మళ్లీ పుండు పడుతుంటే అది అందానికి సంబంధించినది కాదు, వైద్య సమస్యే. అప్పుడు వేలాడే చర్మాన్ని మాత్రమే తొలగించే పానిక్యులెక్టమీ సరిపోవచ్చు. దూరంగా జరిగిన పొట్ట కండరాలను కూడా కుట్టి బిగించేది అబ్డామినోప్లాస్టీ. రెండింటిలోనూ సాధారణంగా ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా సాగే మచ్చ శాశ్వతంగా మిగులుతుంది. గాయం కింద నీరు చేరడం, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం వంటి చిక్కులూ లేకపోలేదు. కనుకనే మొదటి సర్జరీ జరిగిన 12 నుంచి 18 నెలలకు, బరువు కనీసం 6 నెలలు నిలకడగా ఉన్నాక, ప్రొటీన్, ఐరన్, బి12 లోపాలు లేవని రక్తపరీక్షలో తేలాకే సర్జన్లు సాధారణంగా దీనికి పూనుకుంటారు. ముందుముందు కాన్పు ఆలోచన ఉన్నా, బరువు ఇంకా తగ్గుతూనే ఉన్నా, ఈ మహిళ ప్రస్తుతానికి ఆగడమే మేలు.