సకాలంలో సరియైన సమాధానం: రక్షణ వ్యవస్థలలో సాఫ్ట్‌వేరు

గిరావీన్‌లో ఉగాది విందు జరుగుతున్నదని భావించండి. అన్నం వడ్డించిన వెంటనే పప్పు రావాలి. పంక్తి లేచిన తరువాత వచ్చిన పప్పు ఎంత రుచిగా ఉన్నా నిష్ప్రయోజనమే. ఇట్లే, సమాధానం సరియైనదై ఉండటమేగాక నిర్ణీతమైన గడువులోగా అందితీరవలసిన కంప్యూటరు వ్యవస్థను ‘రియల్ టైమ్’ వ్యవస్థ అంటారు. పదిమంది వడ్డనను పంచుకొన్నట్లు అనేక కంప్యూటర్లు ఒకే పనిని పంచుకొంటే అది ‘డిస్ట్రిబ్యూటెడ్’ వ్యవస్థ. పొరుగింటి గుండిగను తెచ్చి వాడుకొన్నట్లు, ఒకచోట నిగ్గుతేలిన ప్రోగ్రామును మరొకచోట వినియోగిస్తే అది పునర్వినియోగం. రక్షణ రంగంలో ఈ మూడింటికీ ఎంతో ప్రాధాన్యమున్నది.

కాలం తప్పితే ఏమగునో 1991 గల్ఫ్ యుద్ధం చూపినది. పేట్రియట్ క్షిపణి వ్యవస్థ కాలాన్ని సెకనులో పదవ వంతుల చొప్పున లెక్కించేది. పదవ వంతును ద్విసంఖ్యామానంలో పూర్తిగా వ్రాయటం సాధ్యం కాదు. 24 బిట్లకు కుదించినప్పుడు మిగిలిన అతి స్వల్పదోషం, యంత్రం 100 గంటలు ఆగకుండా పనిచేసేసరికి 0.34 సెకను అయినది. స్కడ్ క్షిపణి అంతలో అర కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. ఫిబ్రవరి 25న ధహ్రాన్‌లో వ్యవస్థ తప్పు చోట వెదకినది. 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. సవరించిన సాఫ్ట్‌వేరు మరునాడు చేరినది.

పునర్వినియోగంలోని ప్రమాదానికి ఏరియన్-5 రాకెట్టు ఉదాహరణ. ఇది సైనిక వాహనం కాకపోయినా పాఠం ఒక్కటే. ఏరియన్-4లో చక్కగా పనిచేసిన దిశానిర్దేశక ప్రోగ్రామును ఇందులో యథాతథంగా వాడారు. కొత్త రాకెట్టు వేగం అధికం. 1996 జూన్ 4న ఒక విలువ 16 బిట్లలో ఇమడక ప్రోగ్రాము ఆగిపోయినది. సహాయక కంప్యూటరులోనూ అదే ప్రోగ్రాము ఉండుటచేత అదీ ఆగినది. దాదాపు 40 సెకన్లలో రాకెట్టు నాశనమైనది. ఒకే దోషం గల రెండు ప్రతులు పరస్పర రక్షణ కాజాలవు.

ఆస్ట్రేలియా అనుభవం మరొక విధమైనది. ఆరు కాలిన్స్ తరగతి జలాంతర్గాముల నిర్మాణానికి 1987లో ఒప్పందం కుదిరినది. ఒకే కేంద్ర కంప్యూటరుకు బదులుగా, సమాచారాన్ని అనేక కన్సోళ్లకు పంచే యుద్ధ నియంత్రణ వ్యవస్థను తలపెట్టారు. ఆలోచన కాలానికి మించినది. కాని వేర్వేరు సంస్థలు వ్రాసిన భాగాలు ఒకచోట చేరి, ఆశించిన వేగంతో పనిచేయలేకపోయాయి. 1999లో మెకింటాష్, ప్రెస్కాట్ నివేదిక ఆ వ్యవస్థను తొలగించి, నిరూపితమైన దానిని అమర్చమని సూచించినది. అనంతరం అమెరికా నౌకాదళం వాడుతున్న వ్యవస్థకు చెందినదానినే ఎన్నుకొన్నారు. అనగా సమస్యకు పరిష్కారం కూడా పునర్వినియోగమే.

కనుక పాతదానిని వాడుట దోషం కాదు. అది ఏ పరిమితులకు లోబడి వ్రాయబడినదో మరచుట దోషం. హైదరాబాదులోని రీసెర్చి సెంటర్ ఇమారత్‌లో క్షిపణి పరికరాలను, కంప్యూటరు సృష్టించే కల్పిత ప్రయాణంతో జోడించి నేలమీదనే పరీక్షిస్తారు. అట్టి పరీక్షలో గడియారం నిజమైనది, గడువు నిజమైనది; ప్రాణనష్టం మాత్రం ఉండదు. అరువు తెచ్చిన గుండిగ మన పొయ్యిపై నిలుచునా లేదా అని వంటకు ముందే చూచుకొనుట వివేకం.