డోక్రా పోతపని – ఒక పరిశీలన

బల్లమీది కాగితాలు గాలికి ఎగిరిపోకుండా ఆపే పేపరువెయిటు మిక్కిలి చిన్న వస్తువు. దానిని చేతిలోకి తీసికొని చూచేవారు తక్కువ. అది ఎట్లా తయారైనదో ఆలోచించేవారు మరీ తక్కువ. మేమును మొన్నమొన్నటి వరకు ఆ కోవలోని వారమే.

ఒకసారి విద్యార్థుల బహుమతుల కోసం ఆదిలాబాదు ప్రాంతపు ఇత్తడి ఎద్దుబొమ్మలు కొనబోయినాము. ఒకదాని మూపురం ఎత్తు, ఇంకొకదాని కొమ్ము వంకర. "అన్నీ ఒకే తీరుగా లేవేమి? ధర తగ్గించవలె" అన్నాము. అమ్ముతున్న పెద్దాయన కోపగించలేదు. "అచ్చు పగలగొట్టినంక అదే బొమ్మ మళ్ల ఎట్లొస్తది సారూ?" అన్నాడు. అప్పుడు మా వద్ద జవాబు లేదు. ఆ ప్రశ్నను అర్థం చేసికొనుటకు చేసిన ప్రయత్నమే ఈ వ్యాసం.

ఈ పనిని డోక్రా అంటారు. బస్తరులో ఘడ్వాలు, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో ఓజాలు ఇందులో ప్రవీణులు. ఉషేగాం, కేస్లాగూడ వంటి గ్రామాల ఓజాలు తరతరాలుగా గోండుల పూజలకు దేవతామూర్తులను, గంటలను, గజ్జెలను పోసి ఇచ్చినవారు.

మైనపు బొమ్మ స్థానంలో లోహం పోసే ఈ పద్ధతికి సంస్కృతంలో 'మధూచ్ఛిష్ట విధానం' అని పేరు. మధూచ్ఛిష్టమనగా తేనెమైనం. కల్యాణి చాళుక్య రాజైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం'లో ఇది వర్ణింపబడినది. 1926లో మొహెంజొదారోలో దొరికిన సుమారు 10.5 సెంటీమీటర్ల కంచు నర్తకి బొమ్మ కూడ ఈ తీరున పోసినదే.

ఇక పని క్రమం. బోలు వస్తువైతే మొదట మట్టితో లోపలి దిమ్మ చేసి ఆరబెడతారు. తేనెమైనంలో గుగ్గిలం వంటి జిగురు కలిపి, సన్నని దారాలుగా తీసి, దిమ్మచుట్టూ చుడతారు. కండ్లు, కొమ్ములు, నగలు అన్నీ ఆ దారాలతోనే తీరుస్తారు. మైనం మందమే రేపటి ఇత్తడి మందం. దానిపై మెత్తని మన్ను పూత, ఆపైన ముతకమన్ను పూత వేసి, ఒక దారి విడుస్తారు. అచ్చును కాల్చగా మైనం కరిగిపోయి ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. ఇత్తడి మైనం కన్న దాదాపు తొమ్మిది రెట్లు బరువు. కావున మైనం తూకాన్ని బట్టి లోహాన్ని లెక్కకట్టవచ్చును. అచ్చులో తడి మిగిలితే ఆవిరి పుట్టి పగులుతుంది. లోహం వేడి చాలకపోతే కొమ్ము చివరికి చేరకముందే గడ్డకడుతుంది.

చల్లారిన పిదప అచ్చును పగలగొట్టి బొమ్మను బయటికి తీసి, ఆకురాయితో నునుపుచేస్తారు. మైనం పోయినది, అచ్చు పోయినది. మిగిలినది ఆ ఒక్క బొమ్మ. రెండవ బొమ్మ కావలెనన్న మరల మొదటినుండి మైనపు దారం చుట్టవలసినదే. పెద్దాయన మాటకు అర్థమిది. మేము లోపమనుకొన్నది పనివాని చేతిగుర్తు. పగులు, బెజ్జం లోపాలు. తేడా లోపం కాదు.

నేడు దేవతామూర్తులు పోసిన చేతులే పెన్‌స్టాండ్లు, పేపరువెయిట్లు కూడ పోస్తున్నవి. ఇది కళకు పతనమని కొందరు విచారిస్తారు. మేమట్లా తలచము. కొనేవాడుంటేనే కొలిమి వెలుగుతుంది. కాని కొనేవాడు యంత్రపు సరుకు ధరతో, యంత్రపు పోలికతో కావలెనన్నచో, తాను మెచ్చిన కళను తానే ఆర్పివేసినవాడగును. 2018లో ఆదిలాబాదు డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును కాపాడగలదు. పనివాని కూలిని కాపాడవలసినది మనము.

ఆనాడు బేరమాడినందుకు సిగ్గుపడుచున్నాము. వంకరకొమ్ము ఎద్దు ఇప్పుడు మా బల్లమీదనే ఉన్నది. దానికింద మీ పరీక్షపత్రాలు ఉంటవి. రాబోవు సంవత్సరం బహుమతులకు ఇట్టి వస్తువులనే, చెప్పిన ధరకే కొనవలసినదిగా కళాశాల సంఘంవారికి మనవి. విద్యార్థులారా, అందిన బహుమతిని పక్కవాని బహుమతితో పోల్చి చిన్నబుచ్చుకొనకండి. దాని అచ్చు మరి లేదు.