ఇంటి కంప్యూటర్‌కూ ఒక వాచ్‌మన్

సూరత్ అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ పద్ధతి మీకు తెలిసిందే. బయటివాళ్లు వస్తే ఏ ఫ్లాటుకని ఆరా తీస్తాడు, మనం బయటికి వెళ్తుంటే అడగడు. విండోస్‌లోని ఫైర్‌వాల్‌దీ మామూలుగా అదే పద్ధతి. 2004లో ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 వచ్చినప్పటి నుంచి అది తనంతట తానే ఆన్‌లో ఉంటోంది. అయితే గేమ్ ఆడటం లేదని పిల్లలో, ప్రింటర్ కలవడం లేదని రిపేరుకొచ్చిన కుర్రాడో దాన్ని ఆపేస్తారు. మళ్లీ పెట్టడం ఎవరికీ గుర్తుండదు. మనం నెట్ బ్యాంకింగ్ చేసేదీ ఆ కంప్యూటర్‌లోనే!

2017 మే 12న బయటపడ్డ వాన్నాక్రై ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే, 445 నంబరు పోర్టు గుండా ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. లింబాయత్ వైపు మన తెలుగు నేతకుటుంబాల్లో ఇంట్లోనే జీఎస్టీ లెక్కలు చూసుకునేవాళ్లకు ఒక్క కంప్యూటర్ ఆగితే ఎంత నష్టమో చెప్పక్కర్లేదు.

స్టార్ట్‌లో సీఎండీ వెతికి, రైట్ క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను, మీరు ఇంగ్లిషులో టైప్ చేయాలి. మొదటి పదం ఎన్-ఇ-టి-ఎస్-హెచ్, రెండోది ఎ-డి-వి తర్వాత ఖాళీ లేకుండా ఫైర్‌వాల్.

నెట్‌ష్ అడ్వ్‌ఫైర్‌వాల్ షో ఆల్‌ప్రొఫైల్స్ స్టేట్

డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ మూడింటికీ ఆన్ అని రావాలి. ఎక్కడైనా ఆఫ్ కనిపిస్తే:

నెట్‌ష్ అడ్వ్‌ఫైర్‌వాల్ సెట్ ఆల్‌ప్రొఫైల్స్ స్టేట్ ఆన్

ఇక 445 తలుపు మూయడానికి (ఇందులో ఫైర్‌వాల్ రెండుసార్లు వస్తుంది, పొరపాటు కాదు):

నెట్‌ష్ అడ్వ్‌ఫైర్‌వాల్ ఫైర్‌వాల్ యాడ్ రూల్ నేమ్=గేట్445 డైర్=ఇన్ యాక్షన్=బ్లాక్ ప్రొటోకాల్=టీసీపీ లోకల్‌పోర్ట్=445

ఈ చివరి రెండు వరుసలనూ నోట్‌ప్యాడ్‌లో రాసి డాట్ బ్యాట్ పేరుతో దాచుకుంటే, అడ్మినిస్ట్రేటర్‌గా ఒక్కసారి నడిపితే చాలు. ఒక చిక్కుంది. ఆ ఫైలును పదిసార్లు నడిపితే అదే పేరుతో పది రూల్స్ పేరుకుపోతాయి. అందుకే యాడ్ వరుసకు ముందు ఇది కూడా పెట్టండి:

నెట్‌ష్ అడ్వ్‌ఫైర్‌వాల్ ఫైర్‌వాల్ డిలీట్ రూల్ నేమ్=గేట్445

మొదటిసారి అలాంటి రూల్ లేదని అంటుంది, పట్టించుకోవద్దు.

బ్యాంకు కంప్యూటర్లపై మాత్రం ఇవేవీ ప్రయత్నించకండి, అవి ఐటీ విభాగం చేతిలో ఉంటాయి. ఓటీపీని మనమే ఫోనులో చెప్పేస్తే ఏ ఫైర్‌వాలూ ఆపలేదు. 445 మూశాక ఆ కంప్యూటర్‌లో షేర్ చేసిన ఫోల్డర్లు, ప్రింటర్ ఇంట్లోని మిగతా కంప్యూటర్లకు అందవు. అవి కావాలనుకుంటే డిలీట్ వరుస ఒక్కటే నడపండి.