ఆమెన్ తర్వాత ఏం చేస్తున్నారు?

ఏ ఊళ్లోనైనా ఉపవాస కూడికకు వెళ్లి వెనక వరసలో కూర్చోండి. ప్రార్థన అంశాలు చెప్పమనగానే ఒక్కొక్కరే లేస్తారు. కొడుకు వీసా, కూతురి సంబంధం, అల్లుడి తాగుడు, ఆయన షుగరు, డీఎస్సీ ఫలితాలు. కొన్నాళ్లాగి మళ్లీ వెళ్లండి. కొందరు సాక్ష్యం చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు. కొందరు పాత అంశాన్నే ఈసారి కాస్త గొంతు తగ్గించి చెబుతారు. ఇంకొందరు అసలు లేవరు. అడిగీ అడిగీ మొహమాటం పట్టుకుంది. ఈ నాలుగు మాటలూ ఆ లేవని వాళ్లకోసం.

ముందు ఆ మొహమాటం సంగతి తేల్చుకుందాం. అడిగిందే అడిగితే విశ్వాసం తక్కువైనట్టని ఎవరైనా అంటే నమ్మకండి. యేసు చెప్పిన ఉపమానాల్లో ఒక విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి గడప అరిగేలా తిరుగుతుంది. ఇంకొకాయన అర్ధరాత్రి స్నేహితుణ్ని నిద్రలేపుతాడు. వాళ్లు అడిగిందేమిటో గమనించారా? ఆమెకు కావలసింది తన కేసులో తీర్పు. ఆయనకు కావలసినవి మూడు రొట్టెలు, నాలుగు కాదు. ‘అంతా మంచి జరగాలి ప్రభువా’ అని సరిపెట్టుకుంటే జవాబు వచ్చినా పోల్చుకోలేం. ఓపిక నిలవాలంటే అడిగేది స్పష్టంగా ఉండాలి.

స్పష్టంగా అడిగి, ఆ తర్వాత ఏళ్లకేళ్లు ఏం చేయాలన్నదే అసలు చిక్కు. దానికి ఒంగోలు కథ కన్నా మంచి పాఠం నాకు కనిపించదు. అమెరికన్ బాప్టిస్టులు తెలుగునాట పని మొదలుపెట్టింది 1836లో. పదిహేడేళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఆ మిషన్‌ను మూసేద్దామా అని 1853లో అమెరికాలోని పెద్దలు చర్చకు కూర్చున్నారు. ఆ మరుసటి ఏడాది, 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరు నుంచి వచ్చిన మిషనరీ లైమన్ జ్యువెట్ దంపతులు, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలులో ఒక కొండెక్కి మోకాళ్లూనారు. ఆ ముగ్గురిలో నెల్లూరు జూలియా ఒకరు. ఆ కొండను క్రైస్తవులు ప్రార్థన కొండ అంటారు. వాళ్లు అడిగింది ఒక్కటే. ఒంగోలుకు ఒక మిషనరీ కావాలి.

ఆ మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టింది 1866 సెప్టెంబరులో. పన్నెండేళ్లు దాటిపోయింది. సాక్ష్యాల్లో ఈ పన్నెండేళ్లను మనం ఒక్క ఊపిరిలో దాటేస్తాం. నాకేమో ఆ మధ్యకాలమే విలువైనదనిపిస్తుంది. జ్యువెట్ కొండ దిగి నెల్లూరు వెళ్లి తన పని తాను చేసుకున్నాడు. 1862లో ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లాల్సొచ్చింది. అక్కడ మళ్లీ మూసివేత మాటే నడుస్తోంది. మీరు పంపకపోయినా నేను తిరిగి వెళతాను, అక్కడే బతుకుతాను, అక్కడే చస్తాను అన్నాడాయన. పెద్దలు వెనక్కి తగ్గారు. 1865లో జ్యువెట్ తిరిగొచ్చినప్పుడు పక్కన జాన్ క్లౌ అనే యువకుడున్నాడు. కొండమీద అడిగిన మనిషిని అడిగినాయనే ఓడలో వెంటబెట్టుకొచ్చాడన్నమాట.

అందుకే నా మొదటి సలహా: ప్రార్థన పుస్తకంలో పేజీ మధ్య ఒక గీత గీయండి. ఎడమవైపు అంశం, తేదీ. కుడివైపు ఆ వారం ఆ విషయంలో మీ చేతిలో ఉన్న ఒక్క పని. ‘అల్లుడు తాగుడు మానాలి’ అని ఎడమవైపు రాస్తే కుడివైపు ‘డీ అడిక్షన్ సెంటరు ఫోన్ నంబరు కనుక్కోవాలి, అమ్మాయిని ఒక వారం ఇంటికి రమ్మనాలి’ అని ఉండాలి. షుగరుకు ప్రార్థిస్తున్నారా, మాత్ర మానకండి. మాత్ర మింగితే విశ్వాసం సగమైపోదు. కుడివైపు గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటోందంటే మీరు ప్రార్థనను పని ఎగ్గొట్టే సాకుగా వాడుకుంటున్నారేమో చూసుకోండి. నిజంగానే చేయడానికేమీ లేని సందర్భాలూ ఉంటాయి. మంచానపడ్డ తల్లికి దుప్పటి సర్దడం తప్ప ఏమీ మిగలని రోజులుంటాయి. అప్పుడు అదే రాయండి.

రెండో సంగతి. జవాబు మనం గీసిన బొమ్మలా రాదు. క్లౌ ఒంగోలులో బడి పెడితే మొదట అగ్రవర్ణాల పిల్లలు వచ్చారు. ఇంతలో తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, తోలు వ్యాపారం చేసే మాదిగ పెద్దమనిషి, తనంతట తానే విశ్వాసంలోకి వచ్చి తనవాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. దాంతో ఆ అగ్రవర్ణాల పిల్లలు బడి మానేశారు. క్లౌ కొంత తల్లడిల్లినా, వచ్చినవాళ్లను మాత్రం వెనక్కి పంపలేదు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. పేరయ్య ఊరూరా తిరిగి చేసిన పని లేకపోతే ఆ తర్వాతి చరిత్రే లేదు. మీరు ఫలానా కంపెనీ ఉద్యోగం కోసం అడుగుతుంటే పక్కూరి స్కూల్లో టీచరు పోస్టు వచ్చిందనుకోండి. అది జవాబు కాదని వెంటనే కొట్టిపారేయకండి.

ఇక మూడోది ఎవరూ చెప్పరు. జవాబు తొందరగా వచ్చేస్తున్నప్పుడు కూడా ఓపిక కావాలి! 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, కూడు చూపించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని ఎగబడ్డారు. తన ముందువాళ్లు ఏళ్ల తరబడి ప్రార్థించింది దీనికోసమే కదా? ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వస్తున్నారేమో తేలనివ్వాలని పదిహేను నెలలు ఆపాడు. కరువు సాయం ముగిసింది, ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పాకా జనం కదల్లేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీళ్లలో నిలబడి 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

సంబంధం కుదిరిపోతోందని, పార్టనరు దొరికాడని, ఇల్లు చవగ్గా వస్తోందని ‘ఇది దేవుడిచ్చిందే’ అంటూ ఎగిరి సంతకం పెట్టేముందు కాస్త ఆగండి. అబ్బాయి గురించి వాకబు చేయండి. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించండి. దేవుడిచ్చినదైతే వాకబుకు చెదిరిపోదు. ఫలానా తేదీలోగా పనైపోతుందని గడువు పెట్టి కానుక అడిగేవాళ్లు కనిపిస్తే మాత్రం వాకబు కూడా అక్కర్లేదు, లేచి వచ్చేయండి.

కొన్ని అంశాలకు జవాబు ‘లేదు’ అనే వస్తుంది. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. అది పోలేదు, దాన్ని మోసే బలం దొరికింది. ఆయన నాలుగోసారి అడిగినట్టు ఆయన రాసిన పత్రికలో లేదు. ఎప్పుడు ఆపాలన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే. కానీ అలసిపోయి ఆపడం వేరు, జవాబు విని ఆపడం వేరు. మీది ఏదో తెలియకపోతే ఇంకో నెల అడగండి. ఒంటరిగా కుదరకపోతే కూడికలో పక్కన కూర్చున్నావిడకు పేజీ చూపించి, అక్కా, నా వంతుకు ఈ వారం నువ్వు చెయ్యి అనండి. ఆమె అంశం మీరు రాసుకోండి.