పాత డాట్సన్‌కి కొత్త టైర్లు: వెడల్పు వెనక లెక్క

ఈ సంచికలో కవితలు ఎక్కువయ్యాయి, ఒక చక్రం గురించి కూడా ఉంటే బాగుంటుంది అని ఎడిటర్ గారు అడిగారు కాబట్టి ఇది రాస్తున్నా. మెకానికల్ వాళ్ళు లెక్కలు సరిచూడండి. మిగతా బ్రాంచిల వాళ్ళు లెక్కలు దాటేసి చదివినా విషయం అర్థమవుతుంది.

బండి పేరు డాట్సన్ 240జెడ్. 1969 చివర్లో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా మొదలైంది, తర్వాత అమెరికాలో 240జెడ్ పేరుతో 3,526 డాలర్లకి అమ్మారు. 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, రెండే సీట్లు, బరువు సుమారు 1040 కిలోలు. 1973లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచింది ఈ కారే. తోలినవాడు శేఖర్ మెహతా, ఉగాండాలో పుట్టిన మన భారతీయ కుటుంబం వాడు. ఇంత పేరున్న స్పోర్ట్స్ కారుకి కంపెనీ ఇచ్చిన రిమ్ వెడల్పు ఎంతో తెలుసా? నాలుగున్నర అంగుళాలు. టైరు 175 హెచ్ఆర్ 14. ఇప్పుడు మన స్విఫ్ట్ పై మోడళ్ళకే 185 టైర్లు వస్తున్నాయి.

మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో ఉంటాడు. తుప్పు పట్టని 240జెడ్ ఒకటి వెతికి వెతికి కొన్నాడు. కొన్న నెలకే ఫోన్ చేసి, "చక్రాలు సైకిల్ చక్రాల్లా ఉన్నాయిరా. 17 అంగుళాలవి, 9 వెడల్పువి చూశా. ఫెండర్లు కోయిస్తే పట్టేస్తాయంట" అన్నాడు. "కోసే ముందు నాకు ఒక వారం టైమియ్యి అన్నయ్యా" అన్నాను. యాభై ఏళ్ళు తుప్పుని తప్పించుకున్న రేకు అది. నచ్చకపోతే చక్రం విప్పి అమ్ముకోవచ్చు, కోసిన రేకు మళ్ళీ రాదు. పైగా పక్క సీట్లో మా వదిన కూర్చుంటుంది.

ముందు అసలు ప్రశ్న: వెడల్పు టైరు వేస్తే రోడ్డుకి ఎక్కువ రబ్బరు తగులుతుందా? మన హాస్టల్లో ఎవర్నడిగినా తగులుతుంది అంటారు. లెక్క వేరేలా చెప్తుంది. బరువు నాలుగు చక్రాలకీ సమానంగా పడుతుందనుకుంటే ఒక్కో చక్రం మీద 260 కిలోలు, అంటే దాదాపు 2550 న్యూటన్లు. గాలి 28 పీఎస్ఐ, అంటే 193 కిలోపాస్కల్స్. బరువుని పీడనంతో భాగిస్తే సుమారు 132 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, మన అరచేయంత. ఈ లెక్కలో టైరు వెడల్పు ఎక్కడా రాలేదు గమనించారా? సైడ్‌వాల్ బిగువు కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అంకె అటూ ఇటూ అవుతుంది గానీ, 175 వేసినా 225 వేసినా వైశాల్యం దాదాపు అంతే.

మారేది ఆకారం. సన్న టైరు ముద్ర పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. వెడల్పు టైరుది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. మలుపులో టైరు కొద్దిగా పక్కకి మెలిపడుతూ దొర్లుతుంది కదా, ముద్ర పొట్టిగా ఉంటే ఆ మెలిక వల్ల వెనక అంచు జారడం ఆలస్యమవుతుంది. వేడి కూడా ఎక్కువ రబ్బరు మీద పంచుకుంటుంది. అందుకే మలుపులో పట్టు పెరుగుతుంది. ఇంకో సంగతి, ఈ మెరుగులో పెద్ద భాగం వెడల్పుది కానే కాదు, కొత్త రబ్బరు మిశ్రమానిది. 1970 నాటి రబ్బరుకీ ఇప్పటి రబ్బరుకీ పోలికే లేదు. అదే 175 సైజులో ఇప్పటి మంచి టైరు వేసినా అన్నయ్య తేడా గుర్తుపడతాడని నా నమ్మకం. ఆ మాట చెప్తే, "చూడ్డానికి బాగుండదు కదరా" అన్నాడు. ఆ పాయింటుకి మన సిలబస్‌లో సమాధానం లేదు.

వానలో మాత్రం లెక్క తిరగబడుతుంది. తేలికైన బండి, వెడల్పాటి ముద్ర, ముందు నిలిచిన నీళ్ళు. సన్న టైరు నీటిని చీల్చుకుని పోయే చోట వెడల్పు టైరు నీటిమీద తేలడానికి ముందే సిద్ధపడుతుంది.

ఇప్పుడు వ్యాసం. 175 హెచ్ఆర్ 14 అన్నదాంట్లో 175 వెడల్పు మిల్లీమీటర్లలో, హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా, ఆర్ అంటే రేడియల్, 14 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. సైడ్‌వాల్ ఎత్తు నిష్పత్తి రాయలేదు. పాత టైర్లలో అలా రాయకపోతే 80 చుట్టుపక్కల అని తీసుకుంటారు. అంటే సైడ్‌వాల్ 140 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం 355.6 కి రెండు నూటనలభైలు కలిపితే 635.6. కొత్త టైరు ఏది వేసినా ఈ అంకె దగ్గర్లో ఉండాలి. 195/70 ఆర్ 14 వేస్తే 628.6. 205/60 ఆర్ 15 కి 627. 225/50 ఆర్ 16 కి 631.4. మూడూ ఒకటిన్నర శాతం లోపలే. అదే తెలియక 205/50 ఆర్ 15 వేశామనుకోండి, 586 వస్తుంది, దాదాపు 8 శాతం తక్కువ. స్పీడోమీటర్ వంద చూపిస్తుంటే అసలు వేగం 92. ఇంజిన్ తిరుగుడు పెరుగుతుంది, బండి కిందకి దిగుతుంది, ఫెండర్లో ఖాళీ మిగిలి కారు లంగోటీ కట్టినట్టు కనిపిస్తుంది.

వ్యాసం అదే ఉంచి రిమ్ పెంచితే తగ్గేది సైడ్‌వాల్. 140 కాస్తా 225/50 తో 112 అవుతుంది. ఆ 28 మిల్లీమీటర్ల గాలి ఇన్నాళ్ళూ గుంటల్ని మింగేది. ఇక నుంచి ఆ దెబ్బ బుష్‌లకీ, స్ట్రట్ బిగించిన చోటికీ, ఆ వెనక ఉన్న పాత వెల్డింగులకీ పోతుంది. పాత టైరు పట్టు వదిలేముందు మెల్లగా జారి చెప్పేది కూడా. బిగువైన సైడ్‌వాల్ అంత మర్యాదగా చెప్పదు.

అసలు కష్టం ఆఫ్‌సెట్ దగ్గర. రిమ్ వెడల్పుకి మధ్య గీత ఒకటి గీయండి. హబ్‌కి ఆనే తలం ఆ గీత నుంచి ఎంత బయటికి ఉందో అదే ఆఫ్‌సెట్. ఆఫ్‌సెట్ పెరిగితే చక్రం లోపలికి, తగ్గితే బయటికి. నాలుగున్నర నుంచి ఏడు అంగుళాలకి పోతే పెరిగేది రెండున్నర అంగుళాలు, 63.5 మిల్లీమీటర్లు. ఆఫ్‌సెట్ మార్చకపోతే అటు 32, ఇటు 32. లోపల ఏముంది? 240జెడ్‌లో ముందూ వెనకా స్ట్రట్టే. టైరు పక్కనే స్ట్రట్ గొట్టం, దాని మీద స్ప్రింగు కూర్చునే పళ్ళెం. లోపలికి 32 ఇస్తే వాటికి టైరు తగులుతుంది. సరే, ఆఫ్‌సెట్ 12 తగ్గిద్దాం. లోపలికి 20, బయటికి 44. ఇప్పుడు ఫెండర్ అంచు ఊరుకోదు. ఇక అన్నయ్య అడిగిన 9 అంగుళాలైతే పెరిగేది 114.3 మిల్లీమీటర్లు. తమాషా ఏంటంటే ఈ బండి పాత రిమ్ వెడల్పూ 114.3, నాలుగు స్టడ్లు కూర్చునే వృత్తం వ్యాసమూ 114.3. కొత్తగా ఇంకో రిమ్ మొత్తాన్ని పక్కన పెట్టి దూర్చమంటున్నాడన్నమాట. సన్న స్ప్రింగుల కాయిలోవర్లు వేస్తే లోపల కొంత చోటు దొరుకుతుంది, మిగతాదంతా బయటికే. జపాన్‌లో 1971లో వచ్చిన 240జెడ్‌జీకి కంపెనీ వాళ్ళే రివెట్లతో అదనపు ఫెండర్లు బిగించారు, కాబట్టి ఆ రూపానికి చరిత్ర ఉంది. కానీ వెనక ఫెండర్ లోపలా బయటా రెండు రేకులు కలిపి అతికింది. కోస్తే ఆ రెంటినీ మళ్ళీ నీరు చొరబడకుండా కలపాలి, లేకపోతే మధ్యలో తేమ చేరి అదే తుప్పు ఇంట్లోకి వస్తుంది.

చక్రం మధ్యగీత 12 బయటికి జరిగితే స్టీరింగ్ తిరిగే అక్షానికీ టైరు ముద్రకీ మధ్య దూరం కూడా 12 పెరుగుతుంది. ఈ బండికి పవర్ స్టీరింగ్ లేదు. ఒక చక్రం గుంటలో పడితే ఆ దెబ్బకి అంత ఎక్కువ మీట దొరికి స్టీరింగ్ చేతుల్ని గుంజుతుంది. బేరింగుల మీద వంపు భారం కూడా అదే లెక్కన పెరుగుతుంది. వెడల్పు టైరు రోడ్డు గాడిల వెంట పక్కకి పోతుందని అనేవాళ్ళు చెప్పేది ఈ సంగతే.

నట్ల గురించి ఒక్క మాట, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. స్టడ్‌లు ఎమ్12, పిచ్ 1.25. నట్టు మరలోకి కనీసం స్టడ్ వ్యాసమంత లోతు ఎక్కాలి అనేది మన డిజైన్ క్లాసు సూత్రం. 12 ని 1.25 తో భాగిస్తే తొమ్మిదిన్నర చుట్లు పైన. స్పేసర్ పెట్టాక నట్టు ఆరు చుట్లకే బిగిసిపోయిందంటే, ఎంత గట్టిగా బిగించినా అది బిగింపు కాదు. అల్లాయ్ రిమ్ సీటు శంఖాకారమా, చదునా అన్నది చూసి దానికి తగ్గ నట్టే వాడాలి. టైరు పక్కన చెక్కిన నాలుగంకెలు కూడా చూడాలి. 3519 అంటే 2019లో 35వ వారం. పాత కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు గాడులు కొత్తగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ఎండి పగిలి ఉంటుంది. అన్నయ్య బండి మీద ఉన్నవి చూడమన్నాను. అక్కడ నాలుగంకెలు కాదు, మూడే ఉన్నాయి. 2000కి ముందు చేసినవి. ఆ రోజు నుంచి బండి గ్యారేజీ దాటలేదు, వదిన తాళం దాచేసింది.

చివరికి తేలింది 15 అంగుళాల రిమ్, 7 వెడల్పు, 205/60 టైరు. 14 అంగుళాల్లో ఉండిపొమ్మని నేను అన్నాను, ఆ సైజులో మంచి రబ్బరు దొరకడం లేదని అన్నయ్య అన్నాడు. ఆ మాట నిజమే. కొనే ముందు ఒకే ఒక్క చక్రం అరువు తెచ్చి చూడమన్నాను. స్ప్రింగు తీసేసి, జాకీతో చక్రాన్ని పూర్తిగా పైకెత్తి, ముందు చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి, ఫెండర్ అంచుకీ స్ట్రట్ గొట్టానికీ పిల్లలు ఆడుకునే మట్టి ముద్దలు అంటించి, తర్వాత ఎంత నొక్కుకుపోయాయో కొలవాలి. రెండు ఆదివారాలు పట్టింది. ముందు చక్రం పూర్తిగా తిప్పినప్పుడు కింది మూల కొద్దిగా రాసింది. అక్కడ లోపలి అంచు మడిస్తే చాలు, కోత అక్కర్లేదు. వెనక కుడివైపు 9 మిల్లీమీటర్లు మిగిలాయి, ఎడమవైపు 4. ఒకే బండి, ఒకే చక్రం, అటు ఇటు 5 తేడా. ఏదో ఒక కాలంలో ఎవరో ఎడమవైపు గుద్దుకుని సరిచేయించి ఉంటారు, లేదా ఫ్యాక్టరీలోనే అలా బయటికి వచ్చి ఉంటుంది. ఇప్పుడు అన్నయ్య ఆ 4 మిల్లీమీటర్ల వైపు బుష్‌లు మార్చి మళ్ళీ కొలుస్తున్నాడు. రంపం ఇంకా తియ్యలేదు.